మార్జిన్‌లో ఎర్రసిరా

చంపాపేట,
22-11-1988.

చిరంజీవి జనార్ధన్‌కు,

మేనమామ పాండురంగం దీవించి రాయునది. ఇక్కడ నేను, మీ అత్తమ్మ అరుణమ్మ ఒంట్లో బాగానే ఉన్నాము. మనసులో బాగాలేము. ఆ సంగతి ముందు ముందు వస్తుంది. అక్కకు మోకాళ్ల నొప్పి తగ్గిందని రాశావు, సంతోషం. మెట్లు ఎక్కనివ్వకు.

నీ ఉత్తరం శనివారం అందింది. మీ చౌటుప్పల్ చేనేత సంఘానికి కంప్యూటర్ కొందామని పాలకవర్గం వాళ్లు అంటున్నారట. కార్యదర్శివి కాబట్టి నిర్ణయం నీ నెత్తిన పెట్టారట. మామా, మీ సొసైటీలో రెండేళ్ల నుంచి ఉన్నది కదా, కొనాలా వద్దా, కొంటే ఎట్ల వాడుకోవాలో చెప్పమని అడిగావు. నెల కింద అడిగివుంటే కార్డు మీద నాలుగు ముక్కలు గీకి పంపేవాణ్ని. ఇప్పుడు నా కడుపు మండిపోతోంది. ఇన్‌లాండ్ లెటర్ చాలదని తెల్లకాగితాలు కొనుక్కొచ్చుకుని కూర్చున్నాను.

ముందు సంగతి ముందే చెప్తా. మా సొసైటీ కంప్యూటర్ పుణ్యమా అని కిష్టమ్మ అనే ముసలామె ప్లాటు పోయేట్టుంది. పదిహేనేళ్లు ఎదురుచూసిన ప్లాటు. ఈ ఆదివారం సర్వసభ్య సమావేశం. అందులో కంప్యూటర్ లిస్టును చేతులెత్తి ఒప్పుకుంటే ఇక ఎవరూ ఏమీ చేయలేరు. నీకు నేను ఏ సలహా ఇచ్చినా ఈ కిష్టమ్మను తలచుకునే ఇస్తున్నాను.

మా ఉదయకిరణ్ గృహనిర్మాణ సంఘం నీకు తెలుసు కదా. ఎల్బీ నగర్ చౌరస్తా దగ్గర ఆఫీసు. డెబ్బై రెండులో మొదలైన రోజు నుంచి సభ్యుల రిజిస్టర్ రాసేది నేనే. అప్పుడు ఇటువైపు సీతాఫలం చెట్లు, బండలు తప్ప ఏమున్నాయి. ఇప్పుడు ప్రతి బండకూ సున్నంతో ప్లాటు నంబరే, ప్రతి చాయ్ హోటల్లో ఒక బ్రోకరే. సంఘంలో రెండు వందల నలభై మంది సభ్యులు, భూమిలో తేలినవి నూట ఎనభై ప్లాట్లు. ఎవరు ముందు చేరితే వాళ్లకు ముందు. అంటే సభ్యత్వం నంబరే ప్రాణం.

నా రిజిస్టర్ పద్ధతి కూడా నీకు తెలుసు, చిన్నప్పుడు పక్కన కూర్చుని చూశావు. రాసింది ఎన్నడూ చెరపను, కొట్టెయ్యను. తప్పు పడినా, చెప్పుకోవలసింది ఉన్నా, పక్క మార్జిన్‌లో ఎర్రసిరాతో రాసి, కింద పొడి సంతకం పెడతాను. పదహారేళ్లలో ఆ పద్ధతి తప్పలేదు.

రెండేళ్ల కింద మా అధ్యక్షుడు వెంకట్రావుకు కంప్యూటర్ మీద మనసు పోయింది. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ ఇళ్లు కట్టించి గట్టిపడ్డ మనిషి. ఏవండీ పాండురంగంగారూ, ఇంకా ఎన్నాళ్లండీ ఈ దుమ్ము పుస్తకాలు, కాలం మారిపోయిందండీ అన్నాడు. ఏ పనికి కావాలో ఎవరూ అనుకోలేదు. వేరే సంఘం కొన్నది కాబట్టి మనమూ కొనాలి, అంతే. అల్లుడా, మొదటి తప్పు అక్కడే జరిగింది. మీ సంఘంలో మూడు వందల ఇరవై మంది. నెలకొకసారి నూలు లిస్టు తీయాలి, ఏడాదికొకసారి ఓటర్ల లిస్టు. ఆ మాత్రం దానికి మిషన్ కొనుక్కుని, గది కట్టి, చల్లమిషన్ పెట్టి, దానికొక మనిషిని పెట్టి మేపాలా? దిల్‌సుఖ్‌నగర్‌లో ఇప్పుడు మేడ మేడకూ కంప్యూటర్ సెంటర్ ఉన్నది. కాగితాలు తీసుకుపోతే ఎక్కించి, అచ్చు తీసి ఇస్తారు. రెండేళ్లు అట్ల చేయించి చూడు. అప్పటికీ చాలదనిపిస్తే కొను.

కొంటే మాత్రం, అమ్మేవాడు చెప్పే గొప్పలు వినకు. పాడైతే ఎవరొస్తారు, ఎన్నాళ్లకొస్తారు, అది కాగితం మీద రాయించుకో. మాకు అమ్మినతను కొనేటప్పుడు రోజుకు రెండుసార్లు వచ్చేవాడు. అచ్చుమిషన్ ఆగిపోతే తొమ్మిదో రోజు వచ్చి, దుమ్ము పడ్డదండీ అని ఊది పోయాడు. ఇంకొకటి, ఎక్కించిన వివరాలు సంఘానివే, ఎప్పుడడిగితే అప్పుడు ఫ్లాపీలో తీసి ఇవ్వాలి అని కూడా రాయించు.

మా గది సంగతి చెప్తే నువ్వు నవ్వుతావు, నాకు మాత్రం ఇప్పటికీ నవ్వు రాదు. అద్దాల తలుపు, లోపల చలి, బయట చెప్పులు విడిచే పలక. మిషన్ వచ్చిన రోజు కొబ్బరికాయ కొట్టారు. పద్నాలుగేళ్లు నేను కూర్చున్న చోటు అది. ఆ గదిలోనే కిటికీ కింద నా టేబుల్ ఉండేది. చల్లమిషన్‌కు అడ్డమని దాన్ని మోసుకొచ్చి వరండాలో, మంచినీళ్ల కుండ పక్కన పడేశారు. వచ్చే పోయే ప్రతివాడూ గ్లాసు నా రిజిస్టర్ మీద పెట్టి పోవడమే. నువ్వు పొడుం పీలుస్తావు, లోపలికి రావద్దు, మిషన్‌కు పడదు అన్నారు. నా ముక్కు సంగతి మిషన్‌కు ఎందుకో నాకు అర్థం కాలేదు.

లోపల కూర్చోబెట్టింది కుసుమకుమారి అనే పిల్లను. దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఆరు నెలలు నేర్చుకుని వచ్చింది. ఆ పిల్ల రోజంతా కూర్చుని నూట నలభై పేర్లు ఎక్కించింది. కరెంటు పోయింది, పేర్లూ పోయాయి. స్టెబిలైజర్ ఉన్నది కదా అన్నారు. స్టెబిలైజర్ ఉన్న కరెంటును సరిచేస్తుంది గానీ లేని కరెంటును తెస్తదా? పది పేర్లకొకసారి దాచుకోమని మీ మనిషికి మొదటి రోజే చెప్పు. ఫ్లాపీలు రెండు జతలు చేయించు. ఒకటి ఆఫీసులో, ఒకటి ఇంకొకరి ఇంట్లో. రెండూ ఒకే బీరువాలో పెడితే రెండు ఉన్నట్టు కాదు. ఆయుధపూజ నాడు మా అటెండర్ జానయ్య భక్తి ఎక్కువై ఫ్లాపీలను సంచుల్లోంచి తీసి, నడిమి చిల్లులో కనబడే నల్లపొర మీద పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టాడు. అమ్మవారికి మొహమాటం లేదు, రెండు ఫ్లాపీలు అక్కడికక్కడే పోయాయి. పూజ చేస్తే డబ్బాకు చేయండి.

ఇక కిష్టమ్మ దగ్గరికి వస్తున్నా.

పెద్ద అంబర్‌పేట్‌లో ఇద్దరు కిష్టమ్మలు. ఇద్దరి మొగుళ్ల పేరూ మట్టయ్యే. ఊరంతా ఒకామెను బావి కాడి కిష్టమ్మ అంటారు, ఇంకొకామెను బడి కాడి కిష్టమ్మ అంటారు. ఆ ఊళ్లో చిన్న పిల్లాడు కూడా పొరపడడు. బావి కాడి కిష్టమ్మ డెబ్బై మూడులో చేరింది, నంబరు అరవై మూడు. దవాఖానలో ఆయాగా చేసి, మొగుడు పోయినంక కూడా ఒక్క నెల తప్పకుండా కట్టింది. బడి కాడి కిష్టమ్మ డెబ్బై తొమ్మిదిలో చేరింది, నంబరు రెండు వందల పన్నెండు. కొడుకులతో బొంబాయి దిక్కు భివండి పోయింది, అడ్రసు ఎవరికీ తెలియదు. అరవై మూడు పక్కన బావి కాడి కిష్టమ్మ అని, రెండు వందల పన్నెండు పక్కన ఈమె వేరు, బడి కాడి కిష్టమ్మ అని, మార్జిన్‌లో ఎర్రసిరాతో రాసి పెట్టాను.

కంప్యూటర్‌లో పేరుకు ఒక గడి, భర్త పేరుకు ఒక గడి, ఊరికి ఒక గడి, నంబరుకు ఒక గడి. మార్జిన్‌కు గడి లేదు. ఒక మనిషికి ఒకటే ప్లాటు అని మా నియమం కాబట్టి, మూడు గడులూ కలిసినవాళ్లుంటే ఒకరినే ఉంచమని వెంకట్రావు ఆర్డరు. తరువాత రాసిన వివరాలు కదా అని రెండు వందల పన్నెండు ఉంచి, అరవై మూడు తీసేశారు. పదహారేళ్లు ఆ పుస్తకం రాసినవాణ్ని, బయట కుండ పక్కనే ఉన్నాను, ఆ పిల్ల నన్ను ఒక్క మాట అడగలేదు.

పాత పాస్‌బుక్కులు కూడా లేవు. కొత్త కార్డులు ఇస్తామని అందరివీ తీసుకున్నారు, తరువాత పాత కాగితాలవాడికి తూకానికి వేశారు. అల్లుడా, ఇది నీ డైరీలో రాసుకో. అసలు కాగితం సభ్యుడి చేతిలోనే ఉండాలి. కంప్యూటర్ వచ్చినా, దాని తాత వచ్చినా సరే.

పోయిన నెల లిస్టు అచ్చయింది. పొడుగు కాగితం, ఇంగ్లీషు పెద్దక్షరాలు, చదవరాని వాళ్లందరూ దానికి దండం పెట్టినంత పని చేశారు. కిష్టమ్మ వచ్చి ఎవరితోనో చదివించుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చింది. సారూ, నా నంబరు అర్వై మూడు గద, గీడ రెండు వందల పన్నెండు అంటున్నరు, వెయిటింగ్ అంటున్నరు, ఏంది సారూ ఇది అన్నది. తప్పు పడింది, నేను చూస్తానులే అన్నాను. నువ్వు రాసినవు గద, నా పేరు యాడికి పోతది అని నవ్వి, కుండలో నీళ్లు తాగి పోయింది.

నేను రిజిస్టర్ పట్టుకుని పోయి వెంకట్రావుకు చూపించాను. ఆయన అచ్చుకాగితం చూస్తాడే గానీ పుస్తకం చూడడు. కంప్యూటర్ తప్పు చేయదండీ అంటాడు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. కంప్యూటర్ తనంతట తాను ఏమి చేసింది చెప్పు. తీసెయ్యమని ఒక మనిషి అంటే ఇంకొక మనిషి మీట నొక్కింది. తప్పు మనుషులది. మనిషి నోటితో చెప్తే పదిమంది ఎదురు తిరిగేవాళ్లు, మిషన్ అచ్చు వేసేసరికి అందరి నోళ్లూ పడిపోయాయి. మీ సంఘంలో ఎవరన్నా కంప్యూటర్ అట్ల చూపిస్తున్నది అంటే, చూపించమని దానికి ఎవరు చెప్పారో అడుగు. లిస్టు వచ్చిన ప్రతిసారీ ఒకరు పుస్తకం చదవాలి, ఒకరు అచ్చుకాగితం చూడాలి, ఇద్దరూ సంతకాలు పెట్టాలి. రిమార్కులకు ఒక గడి తప్పకుండా పెట్టించు. పేరుకు మించిన సంగతులు మనుషులకు చాలా ఉంటాయి.

పోయిన బుధవారం కమిటీ కూర్చుంది. వెంకట్రావు నా రిజిస్టర్ వెలుగులో పెట్టి తిప్పి తిప్పి చూసి, ఈ ఎర్రసిరా ఎప్పుడు రాశారండీ, నిన్నో మొన్నో రాసుంటే మాకెట్లా తెలుస్తుందండీ అన్నాడు. నన్ను, పదహారేళ్లు రాసినవాణ్ని, దొంగ రాతలు రాశానన్నట్టు. సంతకం కింద తేదీ ఏదీ అన్నాడు. పొడి సంతకానికి తేదీ వేసే అలవాటు నాకు లేదు. నీకు మాత్రం ఆ అలవాటు ఉండాలి. ఒకే మనిషి మొదట చేరి, సంగతి మరిచి మళ్లీ చేరి ఉంటుందని, కొత్త నంబరు తీసుకుంటే పాతది రద్దయినట్టేనని వాళ్ల లెక్క. ఊళ్లోవాళ్ల నోటిమాట చెల్లదన్నారు. ఆ ఎర్రసిరా పాతదని తేలితేనే అరవై మూడు తిరిగి లిస్టులోకి వస్తుందని తీర్మానం రాశారు. తేలకపోతే ఆ ప్లాటు వెయిటింగ్‌లో మొదటివాడికి పోతుంది. ఆ మనిషి అప్పుడే స్థలంలో కొలతలు పెట్టించుకుంటున్నాడు.

కుసుమకుమారిని సంజాయిషీ అడిగారు. ఆ పిల్ల ఏమి రాసిందో విను. ఎక్కించేటప్పుడే మార్జిన్‌లో ఎర్రసిరా చూశానని, రిజిస్టర్ తీసుకుని వరండాలోకి వచ్చి పాండురంగంగారిని అడిగానని రాసింది. నన్ను నిలబెట్టి, అడిగిందా అన్నారు. అడగలేదు అని చెప్పాను. ఉద్యోగం కాపాడుకోవడానికి ఎవరైనా ఏదైనా రాస్తారు. నా వయసు అరవై, ఏడాదికొకసారి పొడిగిస్తే ఉన్న నౌకరీ నాది, నేను మాత్రం అట్లాంటి రాతలు రాయలేదు. ఆ పిల్లను గురువారం నుంచి రావద్దన్నారు. చిన్న పిల్ల, పాపమే. అయినా అడిగి ఉంటే నేను చెప్పనా? ఆ పిల్ల అడగలేదు.

ఇదీ మన కంప్యూటర్ ముచ్చట. మీ పాలకవర్గానికి ఈ ఉత్తరం చదివి వినిపించు. అక్కకు నా నమస్కారాలు చెప్పు. పిల్లలకు మీ అత్తమ్మ దీవెనలు.

కోపంలో కూడా నీ మేలు కోరే మామ,
పాండురంగం.

తా.క.: అల్లుడా, ఇది మార్జిన్లలో ఎర్రసిరాతో ఉన్నదేమని చూస్తున్నావు. కాగితాలు అయిపోయాయి. అది ఒక కారణం.

పై ఉత్తరం మీ అత్తమ్మకు చదివి వినిపించాను. ఆమె చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ అంతా విని, ఆ పిల్ల అడగలేదు అడగలేదు అని మూడుసార్లు రాసినవు, ఒక్కసారి రాస్తే సాలదా అన్నది. అంతే అన్నది, లేచి వంటింట్లోకి పోయింది. నేను కవరు అంటించకుండా ఎర్రసిరా బుడ్డి తీశాను.

అడిగింది.

పోయినేడు ఫిబ్రవరి. నా టేబుల్ వరండాలో పడేసి వారం కాలేదు. మధ్యాహ్నం నేను డబ్బా విప్పుకుని అన్నం తింటున్నాను. ఆ పిల్ల చెప్పులు లేకుండానే, రెండు చేతుల మీద రిజిస్టర్ తెరిచి పట్టుకుని బయటికి వచ్చింది. ఎర్రసిరా మీద వేలు పెట్టి, సార్, ఈ ఇద్దరు కిష్టమ్మలు వేరువేరా, ఇది రాయడానికి లోపల గడి లేదు, ఎట్లా చేయమంటారు అని అడిగింది. నేను తల ఎత్తలేదు. నన్నెందుకమ్మా అడుగుతవ్, లోపల మిషన్ ఉన్నది గద, దాన్నే అడుగు అన్నాను. రిజిస్టర్ మూసుకుని లోపలికి పోయింది. ఆ రోజు నాకు అన్నం రుచిగా ఉన్నది. తప్పు చేస్తారు, అప్పుడు నా దగ్గరికే వస్తారు, నా టేబుల్ లోపలికి పోతుంది అనుకున్నాను. ఎవరూ రాలేదు. తరువాత నేనే మరిచిపోయాను. కిష్టమ్మ నా ముందుకొచ్చి నంబరు చెప్పినప్పుడు గుర్తొచ్చింది.

ఇప్పుడు చూడు. ఆ పిల్ల అడిగిందని నేను ఒప్పుకుంటే, ఫిబ్రవరిలోనే ఎర్రసిరా అక్కడ ఉన్నట్టే. వాళ్లకు కావలసిన రుజువు అదే. వేరే రుజువు ఈ లోకంలో లేదు. కిష్టమ్మ కోసం కొట్లాడుతున్నానని చెప్పుకుంటూ, ఆమె ప్లాటుకు అడ్డంగా కూర్చున్నది నేనే. వెంకట్రావును తిట్టాను, మిషన్‌ను తిట్టాను, ఆ పిల్లను ఇంటికి పంపించాను. ఇన్ని చేసింది ఒక టేబుల్ కోసం.

ఆదివారం పది గంటలకు సమావేశంలో నిలబడి చెప్తాను. జనవరిలో నా నౌకరీ పొడిగించరు. పొడిగించకూడదు కూడా. నాకు మళ్లీ నోరు పడిపోతుందేమోనని ముందే నీకు రాస్తున్నాను. నువ్వు ఆదివారం పొద్దున బస్సెక్కి ఎల్బీ నగర్‌లో దిగి, ముందు వరసలో నాకు కనబడేట్టు కూర్చో. ఈ ఉత్తరం జేబులో పెట్టుకొని రా. నేను మాట మారిస్తే లేచి చదువు.

పైన రాసిన అబద్ధాలు మూడూ కొట్టెయ్యలేదు. నా పద్ధతి నీకు తెలుసు. పక్కన ఎర్రసిరాతో రాశాను, కింద సంతకం పెడుతున్నాను. ఈసారి తేదీ కూడా వేస్తున్నాను.

పాం.
22-11-88.